ఏమీ రాదని చెప్పాను

నిరుపమ మేడం అడిగిన ముప్పై రెండో ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. అంతకుముందు అడిగినవాటికన్నిటికీ నిజమే చెప్పాను. పాప ఎప్పుడు పాకింది, ఎప్పుడు మాటలొచ్చాయి, జ్వరంలో ఫిట్స్ ఏమైనా వచ్చాయా, ఇంట్లో ఎవరైనా తాగి కొడతారా, అన్నీ. ఆ ఒక్కదానికే అబద్ధం. అదీ పిల్ల మేలు కోరే.

అది కార్తీకమాసంలో ఒక ఆదివారం. మా కాలనీ తుఫాను షెల్టరు మేడ మీద బల్లలు వేసుకుని కాకినాడ నుంచి వచ్చిన ఆరుగురు కూర్చున్నారు. జీతం లేదట, సెలవు రోజుల్లో వాళ్ళకై వాళ్ళు వచ్చి చేస్తున్న పనట. చదువు రాని పిల్లలకు ఎందుకు రావడం లేదో చూసి, దానికి తగిన సాయం చేస్తారట. మా ఊరు సముద్రంలో కలిసిపోయి ఏడేళ్ళయింది. కాలనీకి వచ్చాక బడి రెండుచోట్లకు మారింది. నాలుగో తరగతికి వచ్చినా అక్షరాలు పట్టుబడని పిల్లలు ఇరవైమందికి పైగా ఉన్నారు. అందులో మా లోవకుమారి ఒకతె. తొమ్మిదేళ్ళది.

ఈ ఏడాది కూడా చదవకపోతే దాన్ని వేరే గదిలో కూర్చోబెడతామని మాస్టారు ఖరాఖండిగా చెప్పేశారు. ఆ గదిలోకి వెళ్ళిన పిల్లలు తర్వాత ఎక్కడ తేలుతారో నాకు తెలుసు. రొయ్యల షెడ్డులో నా పక్కన తేలుతారు. పొద్దుటి నుంచి ఐసులో చేతులు పెట్టి రొయ్య తలలు తీస్తాం. నా గోళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువు మందుసీసా మీద పేరు చదవడానికీ, భయపడడానికీ సరిపోయింది. నాకు ఏ విషయంలోనైనా ముందు చెడే తోస్తుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులనుకుంటాను.

లోవ చేత చెక్కబిళ్ళలు పేర్పించారు. బొమ్మలు చూపించి కథ చెప్పమన్నారు. అది సగం పేర్చి ఆగిపోయేది. మెడ సముద్రం వైపు వాలేది.

“లోవా, ఇటు చూడమ్మా. ఏం ఆలోచిస్తున్నావు?” అంది నిరుపమ మేడం.

“ఏం లేదండి. పెదనాన్న బోటుకి బెల్టు జారిపోతందండి.”

మేడం నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుంది. ధ్యాస నిలవదు అని రాసిందని తర్వాత తెలిసింది.

అప్పుడు టోపీ తీసింది. తెల్లగా, పల్చగా ఉంది. లోపల చిక్కుదువ్వెన పళ్ళలాంటివి వరసగా ఉన్నాయి. లోవ తలకు అది తొడగగానే ఎదురుగా ఉన్న తెరమీద నీలంపోగుల వల ఒకటి పరుచుకుంది. లోవ చెక్కబిళ్ళ ముట్టుకుంటే వల ఒకచోట కదిలేది. కానీ దాని పోగులన్నీ ఒక మూలకే బిగిసిపోయి ఉన్నాయి. గాలానికి చేప పడితే తాడు బిగుసుకుంటుందే, అలా.

“మీరు వలలు చూసే ఉంటారుగా,” అంది మేడం.

“చూడ్డమేటండి, కుడతాం.”

“అయితే నాకంటే మీకే బాగా అర్థమవుతుంది. ఈ మూల ఏదో దీన్ని అస్తమానం లాగుతోంది. చదువు వైపుకి పోగు మిగల్లేదు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున మూడు వారాలు టోపీ పెడితే బిగువు వదులుతుంది. ఏదీ తెగదు. సమంగా సర్దుకుంటుంది.”

“నొప్పి పుడతదాండి?”

“చీమ పాకినట్టుంటుంది.”

“పిచ్చెక్కదు కదండి? నన్ను మర్చిపోదు కదండి? రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుడతారు కదండి?”

నా వెనక నిలబడ్డ మా అత్త అచ్చియ్యమ్మ నన్ను చూపిస్తూ ముందుకొచ్చింది. “ఆ టోపీ ఏదో ముందు దీనికి ఎట్టండమ్మా. దీని బుర్రలో చిక్కు తీత్తే మా ఈది ఈదంతా నిద్రపోద్ది,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వులోనే ముప్పై రెండో ప్రశ్న వచ్చింది. “మీ పాప దేంట్లో చురుకు? తను బాగా చేసే పని ఏమైనా ఉందా?”

ఉంది. కాలనీలో అందరికీ తెలుసు.

మా పాత ఊరి పెద్దవీధి ఉన్నచోటే ఇప్పుడు బోట్లు ఒడ్డుకొచ్చే దారి. దానికి అటూ ఇటూ నీళ్ళకింద మా ఇళ్ళ గోడలింకా నిలబడే ఉన్నాయి. నీళ్ళట్యాంకు స్తంభాలున్నాయి. ఫోనులో మ్యాపు చూసి రావడానికి లేదు. అది ఇప్పటికీ మా ఊరిని నేలగానే చూపిస్తుంది. తెరిపిగా ఉన్న రోజు వెదురుగడలకు కట్టిన జెండాలు చూసుకుని వస్తారు. మంచు పడ్డ ఉదయాల్లో జెండాలు కనబడవు. అప్పుడు ఆడవాళ్ళం ఒడ్డున, ఆ దారికి అటూ ఇటూ రెండు బారులుగా నిలబడి కంచాలు కొడతాం. బోటు ఏ గోడకు దగ్గరైతే ఆ వైపువాళ్ళం గట్టిగా కొట్టాలి, ఇటు రావద్దని. ఏ బోటు ఎటు ఒరిగిందో మంచులో చెప్పేది మా లోవ. ఆరేళ్ళప్పటి నుంచీ అదే. మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని, “ఎడం పక్కోళ్ళు కొట్టండి, చిన్నాన్న ఇటొచ్చేత్తన్నాడు,” అనేది. ముప్పై ఇంజన్లలో ఎవరిది ఏదో చెప్పేది. “మా కాలంలో ఇసకలో తెడ్డు పాతి, దానికి చెవి ఆనించి ఇనేవోళ్ళం. దీనికి తెడ్డే అక్కర్లేదు,” అనేది అచ్చియ్యమ్మ. అదీ ఇంట్లో మాత్రమే, తలుపేసి, గొంతు తగ్గించి.

ఎందుకంటే పిల్లల సంగతి పైవాళ్ళ దగ్గర గొప్పగా చెప్పకూడదు. అది మా దగ్గర బిడ్డకు పాలిచ్చినంత మామూలు విషయం. లోవకు ముందు నాకొక మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రికి వచ్చిన ఒకావిడ వాణ్ణి చూసి ఎంత చక్కగా ఉన్నాడమ్మా అంటే, అవునండి, కళ్ళు చూడండి అన్నాను. పదకొండో రోజున పోయాడు.

“ఏం లేదండి,” అన్నాను. “ఏమీ రాదు. మొద్దుపిల్ల. తింటది, తొంగుంటది.”

అత్త తల పంకించింది, బాగా చెప్పావన్నట్టు. లోవ దూరంగా చెక్కబిళ్ళల దగ్గర ఉంది. మేడం కలం ఆగకుండా రాసేసింది. కింద సంతకం పెట్టాను.

*

టోపీ పెట్టిన పదహారో రోజు మధ్యాహ్నం కూర కలుపుతుంటే లోవ ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని, “అయోడైజ్డ్ ఉప్పు,” అంది. గరిట నా చేతిలోంచి జారింది. “ఇంకోసారి సెప్పు,” అన్నాను. చెప్పింది. సబ్బు మీద ఉన్నది చదివింది. గోడ మీద ఎప్పటిదో ఓట్ల కాగితం చదివింది. సాయంత్రానికి ఇంట్లో చదవడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ళ నాన్న గోవిందు వేటనుంచి వచ్చి, దాన్ని భుజాన ఎత్తుకుని వీధి చివర రేషన్ షాపు బోర్డు దాకా తీసుకెళ్ళాడు. కాలనీకి వచ్చిన ఏడేళ్ళుగా ఆ బోర్డు మీద ఏముందో ఆయనకు తెలియదు.

మాస్టారు దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టారు. నేను మొక్కుకున్న దేవతలందరికీ వరసగా చెల్లించుకోవాలనుకున్నాను. అంత సంతోషంలోనూ గుండె ఒక మూల కొట్టుకుంటూనే ఉంది. ఇంత మంచి ఊరికే రాదు.

ముందు నేను కనిపెట్టింది దాని నిద్ర. లోవ ఎప్పుడూ కోడినిద్ర పోయేది. ఇప్పుడు పడుకుంటే పడుకున్నట్టే. పక్కింట్లో స్టీలు బిందె పడ్డా లేవదు. మొదట ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. చదువు అలసట అనుకున్నాను.

తర్వాత ఒక సాయంత్రం అలవాటుగా అడిగాను. “నాన్న ఎందాకా వచ్చాడే?”

లోవ పుస్తకంలోంచి తలెత్తింది. “ఏమో అమ్మా. నాకేటి తెలుత్తది?”

“ఇనపడట్లేదా?”

“ఇనపడుతుంది. బోట్లు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.”

చెవిలో చీము పట్టిందేమోనని కాకినాడ తీసుకెళ్ళి చూపించాను. డాక్టరు చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు. గోవిందుకి చెప్తే, “చదువుకుంటంది, చెవి ఇటు లేదు. అంతేగా,” అన్నాడు. “నువ్వు ప్రతిదానికీ చావుకబురు వెతుక్కుంటావే.” మిగతా ఆడవాళ్ళకు చెప్పడానికి నోరు రాలేదు. లోవకు వినపడ్డం లేదంటే వాళ్ళు ఎవరిని నమ్ముకుని కంచాలు పట్టుకుంటారు. ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అని దాచాను. అది నా రెండో అబద్ధం.

పుష్యమాసంలో ఆ మంచు దిగింది. తెల్లారింది గాని పక్కనున్న మనిషి చీర రంగు తెలియడం లేదు. రెండు బారులుగా నిలబడ్డాం. లోవను మధ్యలో నిలబెట్టారు. ఇంజన్లు దగ్గరపడ్డాయి.

“ఎటేపు లోవా?” అంది బారులోంచి పైడమ్మ.

లోవ కళ్ళు మూసుకుంది. తెరిచింది. మళ్ళీ మూసుకుంది. నా వైపు చూసింది.

“సెప్పవే,” అన్నాను.

“కుడి,” అంది అది. అంత చిన్నగా ఎప్పుడూ చెప్పలేదు. అది విని చెప్పిన మాట కాదని నాకు తెలుసు. నేను సెప్పవే అన్నందుకు చెప్పింది. కుడి బారువాళ్ళు కంచాలు పగిలేలా కొట్టారు. బోటు కుడి గోడకు భయపడి ఎడమకు తిరిగింది.

చప్పుడు వినబడింది. ఎండుకొబ్బరి చిప్ప బద్దలైనట్టు. ఆ ఎడమ గోడ ఎవరిదో కాదు, మా పాత ఇంటి ముందుగోడ.

గోవిందును నలుగురు ఈదుకెళ్ళి తెచ్చారు. రెండు పక్కటెముకలు విరిగాయి. బోటు రెండు ముక్కలైంది. ప్రాణానికి ముప్పు లేదని డాక్టరు చెప్పేదాకా నేను మనసులో ఆయన్ను మూడుసార్లు మోయించాను. లోవ ఆసుపత్రి వరండాలో కూర్చుని గోడమీద రాసినవన్నీ చదువుతూ ఉంది. ఉమ్మివేయరాదు. నిశ్శబ్దం పాటించండి. ఒకటి అయ్యాక ఇంకొకటి, ఆగకుండా, పైకి.

*

ఆదివారం షెల్టరు మెట్లెక్కాను. తిట్టడానికే ఎక్కాను.

“నా పిల్ల చెవులు ఏం చేశారు?” అన్నాను.

నిరుపమ మేడంకు అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పాను, కంచాల సంగతి, ఇంజన్ల సంగతి. మొన్న జరిగింది చెప్పాను. చెప్తున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. లేచి వెళ్ళి ఇనపపెట్టె తెరిచి కాగితాల కట్ట తెచ్చింది. లోవది పైకి తీసి ముప్పై రెండో ప్రశ్న మీద వేలు పెట్టింది.

“ఇది ఎందుకు అడిగామో మీకు చెప్పానా?”

“లేదండి.”

“లేదు. చెప్పలేదు.” కాగితం తనవైపు తిప్పుకుంది. “పిల్ల దేంట్లో చురుకో తల్లి చెప్తే, ఆ చోటు చుట్టూ కంచె వేస్తాం. టోపీ దాని జోలికి వెళ్ళదు. కంచె లేని చోట బిగువు కనిపిస్తే అది చిక్కే అనుకుని సర్దేస్తుంది. ఆ మూల లాగుతున్నది మీ పాప వినికిడి రత్నంగారూ. మేం దాన్ని జబ్బనుకున్నాం. పెదనాన్న బోటు బెల్టు అని తను చెప్పింది కూడా. నేను నవ్వాను.”

ఒక్కొక్క కాగితం తిప్పింది. ఏమీ రాదు. మొద్దు. దేనికీ పనికిరాదు. ఏమీ రాదండి. “ఇరవై మూడు కాగితాలు. ఒక్క తల్లి కూడా ఒక్క మంచిమాట రాయించలేదు. కష్టాల్లో ఉన్నవాళ్ళకు పిల్లల మీద ఆశ చచ్చిపోతుందని మా నివేదికలో రాశాను.”

“ఆశ లేక కాదండి,” అన్నాను. “దిష్టండి.”

ఆమె కట్ట బల్లమీద పెట్టి రెండు చేతులూ దానిమీద ఉంచింది. లోవతోపాటే టోపీ పెట్టించుకున్న పైడమ్మ కూతురు వలలు కుట్టేటప్పుడు పాటలు కట్టేది, కార్తీకం తర్వాత ఒక్కటీ కట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. నాకు తిట్లు రాలేదు. ఎవరిని తిట్టాలి.

“ముందరి అల్లిక దాచి ఉంటుంది, తొంభై రోజులు,” అంది మేడం. “మీకు ఇంకా పదకొండు రోజులున్నాయి. పాతది తిరిగి పెట్టొచ్చు. వినికిడి వస్తుంది. కానీ చదువు అల్లుకున్నది ఈ కొత్తదాని మీద. అది ఊడిపోతుంది. రెండూ ఉంచడం మాకు చేతకాదు. ఒకసారి సర్దినచోట కంచె నిలవదు.” పాత కాగితానికి కొత్త కాగితం గుచ్చి నా చేతికిచ్చింది. “ఇంట్లో మాట్లాడుకోండి. ఈసారి నేను వచ్చి, ఎదురుగా కూర్చుని, ప్రతి ప్రశ్నా ఎందుకో చెప్తాను. మిగతా తల్లులకు కూడా.”

ఇంట్లో మాట్లాడుకోవడం అంటే గోవిందు మంచం మీద పడుకుని పైకప్పు చూడడం, అచ్చియ్యమ్మ వక్క కొరకడం, నేను ఏడవడం. పాతది పెట్టించకపోతే ఇంకో మంచుకి ఎవరి మొగుడు పోతాడో. పెట్టిస్తే నా పిల్ల ఐసులో చేతులు పెట్టుకుని నా పక్కన కూర్చుంటుంది. రెండువైపులా గోడలే. మధ్యలో వీధి కనబడలేదు.

కాగితాలు బల్లమీద మరిచిపోయి నీళ్ళు తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లోవ గడపలో కూర్చుని వాటిని చదువుతోంది. అక్షరం కింద అక్షరం వేలితో తోసుకుంటూ.

“మీ పాప దేంట్లో చు-రు-కు,” అంది. వేలు కింది వరసకు వెళ్ళింది. “ఏ-మీ రా-దు. మొద్దు పిల్ల. తిం-టుంది. ప-డు-కుం-టుంది.”

బిందె దింపాను. దాని వేలు ఇంకా కిందికి పోయింది. “సంతకం. నూక-రత్నం.” తలెత్తి చూసింది. “ఇది నువ్వే సెప్పావా అమ్మా?”

ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. అదే భరించలేకపోయాను.

“దిష్టి తగులుతుందని అలా చెప్పాను తల్లీ. పైవాళ్ళు కదా. మీ అన్నని ఒకావిడ చక్కగా ఉన్నాడంటే నేను అవునన్నాను.”

అది ఆలోచించింది. “నాకు సెప్పొచ్చు కదా,” అంది. “నాకు నేను దిష్టి ఎట్టుకుంటానా?”

తొమ్మిదేళ్ళు. ఆ మాట నాకు తొమ్మిదేళ్ళలో తోచలేదు. గడపలో దాని పక్కన కూర్చున్నాను. వీధిలో మనుషులు తిరుగుతున్నారు, వినబడితే వినబడనీ అనుకుని చెప్పాను. నీకు ముప్పై ఇంజన్లు తెలిసేవని చెప్పాను. ఏ మగాడూ నీలా వినలేడని చెప్పాను. నీ మాటమీద మూడేళ్ళు ఈ కాలనీలో ఒక్క బోటూ పగల్లేదని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. చెప్పడం అయ్యాక చేయి దానంతటదే దాని తలచుట్టూ తిరిగి మెటికలు విరుచుకుంది. లోవ నవ్వింది.

తర్వాత మెల్లగా అంది. “నాన్న కోసం అయితే మళ్ళీ పాతది ఎట్టించెయ్యమ్మా.”

ఆ మాట అంటుంటే దాని భుజాలు పైకి లేచాయి. చెవుల దాకా. అప్పుడు గుర్తొచ్చింది, ఇదివరకు నా పిల్ల ఎప్పుడూ అలాగే ఉండేది. అన్నం తింటున్నా, బడికి పోతున్నా. అది దాని వాటం అనుకునేదాన్ని. టోపీ పెట్టాకే భుజాలు దిగాయి. నేను చూడనే లేదు.

“నీకు ఎలా ఉండేది లోవా? అలా వింటుంటే?”

“నిద్ర పట్టేది కాదు. అందరూ ఒకేసారి నన్నే పిలుత్తున్నట్టుండేది.”

“మరి ఎందుకు వినేదానివి?”

“నువ్వు అడుగుతావు కదా,” అంది. “నాన్న ఎందాకా వచ్చాడే అని. రోజూ.”

లోపల మంచంమీద గోవిందు దగ్గాడు. అచ్చియ్యమ్మ వక్క కొరకడం ఆపింది.

పదకొండో రోజున నిరుపమ మేడం మా గడపలో కూర్చుని, ప్రతి ప్రశ్నా ఎందుకో చెప్పి అడిగింది. ముప్పై రెండోది వచ్చినప్పుడు, బాగా వినేది, ఇప్పుడు బాగా చదువుతుంది, హాయిగా నిద్రపోతుంది అని రాయించాను. పాతది తిరిగి పెట్టాలా అన్నచోట వద్దు అని నేనే రాశాను, నా చేత్తో. అక్షరాలు వంకరపోయాయి. లోవ సరిదిద్దింది.

షెడ్డులో ఆడవాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు. నూకరత్నం తన కూతుర్ని చూసుకుంది, మా మొగుళ్ళని చూడలేదు అన్నారు. నిజమే అన్నారు.

నెల తిరక్కుండానే గోవిందు కట్టు మీద చొక్కా వేసుకుని అన్న బోటులో వేటకు వెళ్ళాడు. నేను వద్దన్నాను. వెళ్ళాడు. మాఘమాసంలో చివరి మంచు దిగింది. లోవ నిద్రలో ఉంది. లేపలేదు. దుప్పటి సర్ది, కంచం తీసుకుని బయటికొచ్చాను.

అచ్చియ్యమ్మ నాకంటే ముందే ఒడ్డున ఉంది. ఎక్కడ దాచిందో, పాత ఊరినాటి తెడ్డు ఒకటి నీళ్ళంచున తడి ఇసకలో నిలువునా దించి పట్టుకుంది. రెండువైపులా ఆడవాళ్ళు బారులు తీరి నిలబడ్డారు. ఎవరూ నన్ను పిలవలేదు.

“రాయే రత్నం. చెవి ఆనించు. ఊపిరి బిగబట్టు,” అంది అత్త. “నీ భయం గోల ఆపితేనే అది ఇనపడద్ది.”

మోకాళ్ళమీద కూర్చుని చెవి ఆనించాను. తెడ్డు చల్లగా ఉంది. మొదట నా గుండె తప్ప ఏదీ వినబడలేదు. చాలాసేపటికి దానికింద ఇంకొకటి వినబడింది. దబదబ, మధ్యలో ఒక చిన్న తడబాటు. బెల్టు జారుతున్న ఇంజను అలాగే ఉంటుందేమో. ఎడమకు ఒరిగినట్టు అనిపించింది. అది బావగారి బోటో, నా భయమో తేల్చుకోలేకపోయాను.

“ఎటేపు?” అంది మంచులోంచి పైడమ్మ.

అందరూ కంచాలు ఎత్తి పట్టుకుని ఉన్నారు. నేను కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నాను.

“ఎడం,” అన్నాను.